గడియ పీకేసిన తలుపు

పోయిన వారం మనం మారేడ్‌పల్లిలోని ఆ మేడ ఇంట్లో, కింది గదిలో, బాత్రూం తలుపు ముందు దేవకృపను నిలబెట్టి వచ్చేశాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది. వాకర్ పట్టుకున్న డెబ్భై రెండేళ్ళ మనిషిని వారం రోజులు నిలబెట్టడం అన్యాయమే గానీ, ఆవిడ కదలకపోవడానికి కారణముంది. తలుపుకి లోపలి వైపు గడియ ఉండాల్సిన చోట నాలుగు చిల్లులున్నాయి. ఆవిడ వాటినే చూస్తోంది.

మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పదకొండు వారాల కిందట ఒక తెల్లవారుజామున, మేడ మీద బాత్రూం ముందు దేవకృప పడిపోయింది. ఎడమ తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి కీలులో బంతి మార్చారు. ఎలా పడిందో ఆవిడకి బొత్తిగా గుర్తు లేదు. చల్లటి గచ్చు చెంపకి తగలడం ఒక్కటే గుర్తు. "కళ్ళు తిరిగి పడిపోయిందండీ, నా కళ్ళ ముందే" అని భర్త పేతురు ఆస్పత్రిలో చెప్పాడు. కళ్ళు తిరిగే మనిషి లోపల గడియ పెట్టుకుంటే ఎలాగని కొడుకు ఆషర్ కింది బాత్రూం గడియ ఊడదీశాడు. అంతటితో ఆగితే బాగానే ఉండేది. పగలు ఇంట్లో ముసలాయనా, కళ్ళు తిరిగే ముసలావిడా తప్ప ఎవరూ ఉండరు కాబట్టి, సైనిక్‌పురిలో పెద్దవాళ్ళను చూసుకునే కేంద్రం ఒకటుంటే అక్కడ మంచం మాట్లాడేశాడు. సోమవారం తీసుకెళ్తాడట. ఎన్నాళ్ళకిరా అని అడిగితే "చూద్దాంలే అమ్మా" అన్నాడు. ఆ 'చూద్దాం' పొడవెంతో, ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన టీచరుకి తెలియదా?

ఇవాళ శనివారం.

"ఏందమ్మా, తలుపుతోని ముచ్చట పెడుతున్నరా?" అంటూ తొమ్మిదింటికి దుర్గేష్ వచ్చాడు. ఫిజియోథెరపీ చేయించే కుర్రాడు, ఎనిమిది వారాలుగా వారానికి మూడు రోజులు వస్తున్నాడు. అతని దగ్గర ఒక కాగితముంది. అందులో పది పనులున్నాయి. మంచం మీంచి లేవడం, చీర కట్టుకోవడం, కమోడ్ మీద కూర్చుని లేవడం, టీ పెట్టుకుని చెయ్యి కాలకుండా దించుకోవడం, ఇలాంటివి. చేసినదానికల్లా టిక్కు పెడతాడు. పరీక్ష కాగితం చూస్తే దేవకృపకి ప్రాణం లేచొస్తుంది. ఎనిమిదింటికి టిక్కులు పడ్డాయి. ఒంటరిగా స్నానం చేయడం, మెట్లెక్కడం మిగిలాయి.

"పదికి ఎనిమిది. ఆ రెండూ కూడా ఇవాళ చేయించెయ్యి నాయనా. సోమవారం లోపల నాకు పదికి పది కావాలి."

"చేపిస్తే చేస్తరు మీరు, నాకెరుక లేదా? కాళ్ళకేం తక్లీఫ్ లేదిప్పుడు. కానీ కళ్ళు తిరిగేటోళ్ళను మెట్లెక్కిస్తే మీ ఆషర్ సార్ నన్ను వదుల్తడా?"

మామూలుగానే ఆవిడను పడుకోబెట్టి బీపీ చూశాడు. లేపి నిలబెట్టి మళ్ళీ చూశాడు. పట్టీ విప్పుతూ, తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. "ఎనిమిది వారాల సంది చూస్తున్న. ఒక్కసారి సుత బీపీ పడలే. ఇన్ని దినాల్ల మీకు ఒక్కసారన్న కళ్ళు తిరిగినయా అమ్మా?"

"లేదే."

"మరి ఆ ఒక్క దినమే ఎట్ల తిరిగినయో!"

"నీ పని నువ్వు చూసుకోవయ్యా!"

ఇద్దరూ ఉలిక్కిపడి గుమ్మం వైపు చూశారు. పేతురు పేపరు చేత్తో నలిపేస్తూ నిలబడి ఉన్నాడు. "డాక్టర్లకి లేని డౌట్లు నీకెందుకు? కాళ్ళు వంచి చూపించడానికి వచ్చావు, వంచి చూపించి వెళ్ళు."

దుర్గేష్ మొహం చిన్నబోయింది. ఈ పెద్దాయనే కదా రోజూ బలవంతంగా అరటిపండు చేతిలో పెట్టి పంపేది! ఇవాళ ఏ పురుగు కుట్టిందో అనుకుంటూ, చెక్కపీట ఒకటి తెచ్చి దేవకృప ముందు వేశాడు. దాని మీదికి పదిసార్లు ఎక్కించి, పదిసార్లు దించాడు.

"ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. యాది పెట్టుకోండ్రి, ఎప్పటికన్న పనికొస్తది" అని, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర మెల్లగా చేర్చాడు. "పరేషాన్ కాకుండ్రి అమ్మా. మీరు బలంగున్నరు."

అతను వెళ్ళాక దేవకృప మంచం మీద కూర్చోలేకపోయింది. కిటికీ దాకా నడిచింది. వెనక్కి నడిచింది. మళ్ళీ కిటికీ. బలంగా ఉన్న మనిషిని పట్టుకుని ఆ కేంద్రానికి ఎందుకు పంపిస్తున్నారు? ఆ ఒక్క రోజే కళ్ళెందుకు తిరిగాయి? దుర్గేష్ అన్న మాట చెప్పులో రాయిలా అడుగడుక్కీ గుచ్చుకుంటోంది. వాకర్ రబ్బరు కాళ్ళు గచ్చు మీద కీచుకీచుమంటుంటే వంటింట్లోంచి కోడలు క్యారల్ కేకేసింది. "అత్తయ్యా, కాసేపు కూర్చోండి! అయ్యగారొచ్చే టైముకి అలిసిపోతారు."

అదీ నిజమే. పదకొండింటికి ఆర్థర్ అయ్యగారు వస్తున్నారు. గుడికి రాలేని జబ్బుమనిషికి పాస్టరు గారే ఇంటికొచ్చి ప్రభువు బల్ల ఇవ్వడం వాళ్ళ సంఘంలో పద్ధతి. చిన్న చెక్కపెట్టెలో నాలుగు బుల్లి గిన్నెలు, ద్రాక్షరసం, రొట్టె పెట్టుకుని వస్తారు. ఇంట్లో మిగతావాళ్ళు కూడా పక్కన కూర్చుని తీసుకుంటారు. క్యారల్ అప్పటికే టీపాయ్ మీద ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ పరిచింది.

సరిగ్గా అప్పుడే పేతురు చేతిసంచీ తీసుకుని గదిలోంచి బయటికొచ్చాడు.

"మోండా మార్కెట్ దాకా వెళ్ళొస్తా. కూరల్లేవు."

"ఫ్రిజ్ నిండా ఉన్నాయి మావయ్యా."

"మునక్కాడలు లేవుగా!"

స్కూటర్ తాళం ఎక్కడ పెట్టాడో గుర్తురాక, వెతుక్కుంటూ లోపలికెళ్ళాడు. దేవకృప నోరు తెరుచుకుని చూసింది. ఇరవై ఏళ్ళుగా సంఘ పెద్ద. ఎవరింటికి అయ్యగారు వెళ్ళినా ఆ చెక్కపెట్టె తనే మోసుకుని వెంట వెళ్ళేవాడు. సొంత ఇంటికి అయ్యగారొస్తుంటే మునక్కాడలు గుర్తొచ్చాయా?

"మీకు చెప్పకూడదనుకున్నా అత్తయ్యా" అంది క్యారల్ గొంతు తగ్గించి. "మావయ్య గుళ్ళో కూడా తీసుకోవట్లేదు. ఆ రోజు మీ గురించి లేచి సాక్ష్యం చెప్పారు చూడండీ, అప్పట్నుంచీ. పళ్ళెం దగ్గరికొస్తే పక్కవాళ్ళకి అందించేస్తున్నారు. ఏంటి మావయ్యా అంటే పన్ను నొప్పన్నారు."

గోరంత రొట్టెముక్కకి పన్ను నొప్పి! నిన్న సాయంత్రం పల్లీచిక్కీ కరకరలాడించిన పళ్ళు అవి.

 ఆయన పళ్ళెం దాటేయడం దేవకృప ఇంతకు ముందు ఒక్కసారే చూసింది. పెళ్ళయిన ఆరో ఏట, బాపట్లలో ఉన్న అన్నతో మాట పట్టింపు వచ్చినప్పుడు. ఆరు నెలలు రొట్టె ముట్టుకోలేదు. చివరికి ఒక శనివారం రైలెక్కి వెళ్ళి అన్న కాళ్ళు పట్టుకుని, తిరిగొచ్చి ఆదివారం తీసుకున్నాడు. మనసులో ఒకటి దాచుకుని ఆ గిన్నె ఎత్తే ధైర్యం ఆయనకి లేదు. మరి ఇప్పుడేం దాచుకున్నాడు?

"క్యారల్, అయ్యగారికి టీలోకి ఏమైనా తేవాలి కదమ్మా. ఆ మూల బేకరీలో సమోసాలు తీసుకురా."

"మీరొక్కరే..."

"మీ మావయ్య ఉన్నారుగా. పది నిమిషాలే కదా, వెళ్ళు."

క్యారల్ అటు వెళ్ళింది. ఇటు తాళం దొరికిన పేతురు సంచీ ఊపుకుంటూ వచ్చాడు. వచ్చి ఆగిపోయాడు. వీధి గుమ్మానికి అడ్డంగా వాకర్ పెట్టి, దాని వెనక దేవకృప నిలబడి ఉంది.

"తప్పుకో కృపా."

"తప్పుకోను. నన్ను పక్కకి నెట్టి వెళ్ళాలి మీరు. నెట్టండి, చూస్తాను."

"ఇదేం చోద్యమే! మార్కెట్‌కి వెళ్ళొద్దా?"

"ఏం చేశారండీ మీరు?"

"నేనా? ఏం చేశాను?"

"అదే అడుగుతున్నాను. అయ్యగారు వస్తుంటే పారిపోయేంత పని ఏం చేశారు?"

పేతురు గోడ గడియారం వైపు చూశాడు. పది నలభై. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు రైలింజన్ నడిపిన మనిషి, ఎటూ పోవడానికి దారి లేక, వెళ్ళి తెల్లగుడ్డ పరిచిన టీపాయ్ పక్క కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ రోజు కళ్ళు తిరిగింది నీకు కాదు కృపా."

దేవకృప వాకర్ని గట్టిగా పట్టుకుంది.

"నాకు. మంచం మీంచి లేచి నాలుగడుగులు వేశానో లేదో గోడలు గిర్రున తిరిగాయి. నువ్వప్పుడే బాత్రూంలోంచి బయటికొస్తున్నావు. ఏదో ఒకటి పట్టుకోవాలి, నిన్ను పట్టుకున్నాను. నా బరువంతా నీ మీద పడింది. నువ్వు కింద, నేను పైన. నీ ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ఇప్పటికీ వినపడుతూనే ఉంది."

వీధిలో ఎవరో స్కూటర్ స్టార్టు చేసుకుంటున్నారు. అది నాలుగు తన్నులకి గానీ అందుకోలేదు. 

"మరి నాకెందుకు అంటగట్టారు?" అంది దేవకృప.

"ఆస్పత్రిలో ఆ అమ్మాయి కాగితం పట్టుకుని ఎలా పడ్డారని అడిగింది. నాకు కళ్ళు తిరిగాయని చెప్పడానికి నోరు రాలేదే. రాదు. ఇంజన్ మీద పనిచేసిన ఎవడికీ రాదు. మెడికల్ పరీక్ష అంటే మేం ఎలా వణికేవాళ్ళమో నీకు తెలీదా? ఓంప్రకాశ్ గుర్తున్నాడా? ఒకే ఒక్కసారి, కళ్ళు తిరిగినట్టయిందని నోరు జారాడు. ఆ రోజే ఇంజన్ మీంచి దించేశారు. రిటైరయ్యేదాకా కుర్చీలో కూర్చుని రిజిస్టర్లు రాశాడు."

"మీరు రిటైరై పదహారేళ్ళయిందండీ! ఇప్పుడు ఏ ఎక్స్‌ప్రెస్ నడుపుతున్నారు?"

"స్కూటర్ ఉందిగా" అన్నాడు పేతురు, బడిపిల్లాడిలా. "తెలిస్తే ఆషర్ తాళం లాక్కుంటాడు. గుమ్మం దాటనివ్వడు."

"అందుకని నన్ను దాటనివ్వకుండా చేశారా?"

"తర్వాత చెప్పేద్దామనే అనుకున్నాను. ఈలోపు సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. మైకు చేతికిచ్చారు. కళ్ళు తిరిగి పడిన నా భార్యని దేవుడు లేపాడని చెప్పేశాను. సంఘమంతా లేచి స్తోత్రం అన్నారు. ఆ మాట ఇంక వెనక్కెలా తీసుకోను? దేవుడి ముందు అబద్ధం చెప్పిన నోటితో ఆ రొట్టె ఎలా తినను?"

అయ్యో పాపం అని మనకి అనిపిస్తే అనిపించవచ్చు. దేవకృపకి అనిపించలేదు. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"పదకొండు వారాలు నేను తలుపు తెరుచుకుని స్నానం చేశానండీ" అంది.  "కోడలు అటు తిరిగి నిలబడితే, నేను ఇటు గోడవైపు తిరిగి నీళ్ళు పోసుకున్నాను. చీర మార్చుకుంటే పక్కన మనిషి. కమోడ్ మీద కూర్చుంటే బయట మనిషి. అన్నం తిని రెండు నిమిషాలు కళ్ళు మూసుకుంటే, అమ్మా అమ్మా అని కుదపడం. నా ఒంట్లోనే ఏదో దయ్యం కూర్చుందనుకున్నాను. ఎప్పుడు తోసేస్తుందో అని పదకొండు వారాలు నన్ను చూసి నేనే భయపడ్డాను. అంతా చూస్తూ కూర్చున్నారు మీరు! నిన్న సైనిక్‌పురికని నా చీరలు మడతపెట్టింది ఎవరు? మీరు కాదూ?"

పేతురు తల దించుకున్నాడు. నిజమే. ఆరు నేతచీరలు, రెండు శాలువాలు. అంచులు కలిపి మరీ మడతపెట్టాడు.

"ఆ తర్వాత మళ్ళీ తిరిగాయా?" అని అడిగింది దేవకృప. కోపం ఇసుమంతైనా తగ్గలేదు గానీ నలభై ఎనిమిదేళ్ళ అలవాటు ఊరుకోదు.

"నాలుగైదుసార్లు."

"డాక్టరుకి?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"సరే. అయ్యగారొస్తారు, క్యారల్ వస్తుంది. ఆషర్‌కి ఫోన్ కలపండి. ముగ్గురి ముందూ, ఇప్పుడు నాకు చెప్పినట్టే చెప్పండి. చెప్పకపోతే సోమవారం నా బట్టల పెట్టె మీ చేత్తోనే కార్లో పెట్టి నన్ను పంపించండి. నేను మాత్రం చెప్పను. మీ నోటితో వచ్చిన మాట మీ నోటితోనే పోవాలి."

పేతురు లేచాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "చెప్తాను. ముందు ఆ గడియ బిగించేస్తాను. అయ్యగారు వచ్చేసరికి ఆ తలుపుకి గడియ ఉండాలి."

"గడియ తర్వాత బిగించవచ్చు."

"కాదు కృపా, అది ముందు. మేడ మీద నా పనిముట్ల డబ్బాలో పెట్టాడు ఆషర్. ఇప్పుడే తెస్తా."

ఆవిడ కోపంలో మొహం తిప్పేసుకుంది. ఆయన మెట్లెక్కుతున్న చప్పుడు వింటూనే బాత్రూం తలుపు దగ్గరికి నడిచి, ఆ నాలుగు చిల్లుల మీద వేలు పెట్టి చూసింది. వాటి చుట్టూ రంగు పెచ్చులూడి ఉంది. తలుపేసుకుని, గడియ పెట్టుకుని, ఒక్కతే నిలబడి నెత్తిమీద చెంబుడు నీళ్ళు గుమ్మరించుకునే క్షణం తలుచుకుంటే ఏడుపొచ్చినంత పనైంది. ఇప్పుడే కళ్ళు తిరుగుతున్నాయని ఒప్పుకున్న మనిషిని పదమూడు మెట్లు ఎక్కిపొమ్మని వదిలేశానే అన్న సంగతి ఆవిడకి అప్పుడు తట్టలేదు.

మరుక్షణం తట్టింది. పైనుంచి ధడేల్మని చప్పుడు. ఇనపడబ్బా ఒకటి మెట్టు మెట్టుకీ తగులుకుంటూ దొర్లి, కింద హాల్లోకి వచ్చి బోర్లాపడింది. స్క్రూలూ, మేకులూ గచ్చంతా చెల్లాచెదురయ్యాయి.

"ఏవండీ!"



ఆవిడ వాకర్ నెట్టుకుంటూ మెట్ల దగ్గరికి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. ఎనిమిదో మెట్టు మీద పేతురు గోడకి చేరగిలబడి ఉన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నుదుటి మీద చెమట. ఒక చేత్తో ఊచ పట్టుకున్నాడు, ఆ చెయ్యి జారుతోంది. జారితే ఆ డబ్బా వచ్చిన దారినే మనిషీ వస్తాడు.

వాకర్ మెట్లెక్కదు. దేవకృప దాన్ని వదిలేసింది. కుడిచేత్తో ఊచ పట్టుకుంది. దుర్గేష్ వేసిన పీట గుర్తొచ్చింది. అది ఒక్క పీట, ఇవి ఎనిమిది మెట్లు. అయితేనేం? మంచి కాలు ముందు. కుడికాలు పైన పెట్టి, ఒళ్ళు పైకి లాక్కుంది. ఎడమకాలు వెనకే వచ్చి చేరింది. తుంటిలో కలుక్కుమంది, అంతే. విరగలేదు. మళ్ళీ మంచి కాలు. రెండు. మూడు. నోట్లో ప్రార్థన ఉందో, లెక్క ఉందో చెప్పడం కష్టం. నాలుగు.

పేతురు కళ్ళు తెరిచాడు. ఆవిడని అక్కడ చూసి హడలిపోయాడు.

"ఎక్కకు కృపా! పడిపోతావు, కళ్ళు..."

"ఎవరికండీ తిరిగేది?" అంది దేవకృప రొప్పుతూ. "ఆ ఊచ వదలకండి. వస్తున్నాను."

వీధి తలుపు తెరుచుకుంది.

సమోసాల పొట్లంతో క్యారల్, ఆవిడ వెనక చెక్కపెట్టె రెండు చేతులా పట్టుకుని ఆర్థర్ అయ్యగారు. వాళ్ళకి కనబడింది ఒకటే. కింద ఖాళీ వాకర్, హాలంతా మేకులు, నాలుగో మెట్టు మీద ఊచ పట్టుకుని ఆయాసపడుతున్న జబ్బుమనిషి. పైన, ఆవిడని పట్టుకోవడానికే దిగివస్తూ ఆగినట్టుగా పేతురు.

"అత్తయ్యా!" పొట్లం కింద పడేసి అరిచింది క్యారల్. "కదలకండి! నేను పది నిమిషాలు అటు వెళ్తే చాలు, ఇంత పని చేస్తారా?" పరుగున మెట్లెక్కి, ఒక చేత్తో ఆవిడ నడుం పట్టుకుని, రెండో చేత్తో అప్పటికే ఫోన్ కలిపేసింది. "ఆషర్! అత్తయ్య మెట్లెక్కేశారు. లేదు, వాకర్ లేకుండానే. సోమవారం దాకా ఆగొద్దు, వాళ్ళకి చెప్పు, ఇవాళే తీసుకెళ్ళిపోదాం."

ఫోన్ స్పీకర్లో ఆషర్ గొంతు కంగారుగా హాలంతా వినిపించింది. "నాన్నేరి? నాన్నా, మీరు అక్కడే ఉన్నారా? అమ్మకి మళ్ళీ కళ్ళు తిరిగాయా?"

అయ్యగారు తలెత్తి పేతురు వైపు చూశారు. క్యారల్ చూసింది.  ఆయన రెండో చేతి గుప్పిట్లో, మూడు అంగుళాల ఇత్తడి గడియ మెరుస్తోంది.

"నాన్నా, చెప్పండి!"

దేవకృప నడుం చుట్టూ ఉన్న కోడలి చేతిని మెల్లగా విడిపించుకుని, మంచి కాలు ఐదో మెట్టు మీద పెట్టి, ఆయన నోటి వైపే చూస్తూ నిలబడింది.